యంత్రలేఖనమునకు మానవవేషము

లోకములో ఒక క్రొత్త వ్యాపారము బయలుదేరినది. యంత్రముచేత వ్రాయించినదానిని మనుష్యుడే వ్రాసెనని నమ్మునట్లు దిద్ది యిచ్చుట ఈ వ్యాపారము. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ జనులకు అందుబాటులోనికి వచ్చెను. అడిగినంతనే వ్యాసము, ఉత్తరము, అర్జీ, ఉపన్యాసము వ్రాసియిచ్చు యంత్రములు అటుపిమ్మట పలు సంస్థలనుండి వచ్చినవి. ఆ వ్రాతను పసిగట్టి యిత్తుమని కొన్ని యంత్రములు వాటి వెంటబడినవి. పసిగట్టువాని కన్నుగప్పి యిత్తుమని మూడవతెగ వచ్చినది. వ్రాసినందుకు ఒకడు, పట్టించినందుకు ఒకడు, తప్పించినందుకు ఒకడు కూలి పుచ్చుకొనుచున్నాడు. ఈ ముగ్గురికిని సొమ్ము చెల్లించువాడు మాత్రము ఒక్కడే. వాడు చదువుకొను పిల్లవాడైనను కావలెను, ఉద్యోగము వెదకుకొను నిరుపేదయైనను కావలెను.

ఈ మూడవ వ్యాపారమును గూర్చియే నేడు మేము వ్రాయుచున్నాము. యంత్రసాహాయ్యము పాపమని మేము చెప్పము. వ్రాతకు సహజత్వము రెండింటివలన కలుగును: చెప్పువానికి సంగతి తెలిసియుండవలెను, వినువాడెవడో వానికి ఎరుక యుండవలెను. ఆ రెండును లేనిచోట వాక్యములను ఎంత దిద్దినను మిగులునది వేషమే. పగటివేషగాడు వేషగాడని ఊరంతయు ఎరుగును గనుక వానిని చూచి పిల్లలును పెద్దలును సంతసింతురు. ఈ వేషమో, తెలియకుండుటయే ఫలముగా కట్టబడుచున్నది.

ఈ వ్యాపారులు ఉపదేశించు చిట్కాలు ఎట్టివి? వాక్యములన్నియు ఒకే పొడవున ఉంచకుము, ఒకటి కురుచ చేసి ఒకటి సాగదీయుము. యంత్రము తరచుగా వాడు మాటలను ఏరివేయుము. అచ్చటచ్చట ఒక చిన్న తప్పు వదలుము. నడుమ ఒక స్వానుభవమును, మా నాయనమ్మ యిట్లనెడిది యని, చేర్చుము. ఏ నాయనమ్మ? యంత్రమునకు నాయనమ్మ లేదు. వ్రాయించుకొన్నవాని నాయనమ్మ ఆ మాట యెన్నడును అని యుండలేదు. చనిపోయిన ముసలిదాని నోట అనని మాట పెట్టుట మన ఇండ్లలో ఎంత తప్పో వేరుగ చెప్పవలయునా? శైలి పేరిట అసత్యమును నేర్పు పాఠశాల యిది.

పోచంపల్లి చీరను ఎరిగినవారికి ఈ విద్య క్రొత్త కాదు. అచ్చట నూలును ముందుగా కట్టుకట్టి రంగులలో ముంచి, పిమ్మట మగ్గమెక్కింతురు. కట్టు క్రిందికి రంగు కొంచెము ప్రాకుటవలన పువ్వు అంచు మసకబారును; బొమ్మ బట్టకు రెండు ప్రక్కలను కనబడును. దీనికి నకలుగా అద్దకపు బట్ట బజారునకు వచ్చినది. ఆ నకలుదారు చతురత చూడుడు: ఆ మసక అంచును కూడ అచ్చువేయుచున్నాడు! నేతగానికి ఆ మసక చేతిపనిలో తానై వచ్చినది. నకలుదారునకు అది అచ్చులో చెక్కించుకొన్న ఒక గీత. యంత్రలేఖనములో కావలెనని చల్లిన తప్పులు ఈ అచ్చువేసిన మసక అంచులే. చీరను తిరుగవేసి చూచువాడు మోసపోడు, వెనుకప్రక్క వెలవెలబోవుచుండును గనుక. వ్యాసమును తిరుగవేయుట యన వ్రాసినవానిని పిలిచి ప్రశ్నించుట. చేనేతను కాపాడుటకు 1985లో ఒక చట్టము వచ్చి కొన్ని రకములను చేమగ్గములకే ప్రత్యేకించెను; 2006లో హ్యాండ్లూమ్ మార్క్ అను గుర్తును ప్రభుత్వము ప్రవేశపెట్టెను. ఆ రక్షణ యెంతవరకు ఫలించినదో నేతపేటలలో అడిగిన చెప్పుదురు. 

ఇక పసిగట్టు యంత్రముల మాట. వీనిని నమ్ముకొని పిల్లలను శిక్షింపవచ్చునని తలచు ఉపాధ్యాయులు ఈ సంగతులు వినవలెను. చాట్‌జీపీటీని నిర్మించిన ఓపెన్‌ఏఐ సంస్థయే 2023 జనవరిలో అట్టి పరీక్షాయంత్రము నొకదానిని వెలువరించెను. యంత్రము వ్రాసిన వ్రాతలు నూరింటిలో అది 26 మాత్రమే పట్టగలిగెను. మనుష్యులు వ్రాసినవానిలో నూటికి 9 యంత్రపు వ్రాతలని నిందించెను. ఆ సంవత్సరము జూలైలోనే, గురి చాలదని ఒప్పుకొని, దానిని ఉపసంహరించిరి. తాను కన్నబిడ్డను తానే గుర్తుపట్టలేని తల్లి సాక్ష్యమును ఏ న్యాయస్థానము స్వీకరించును?

ఇంతకంటె విషాదకరమైన సంగతి కలదు. 2023లోనే స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అట్టి యంత్రములను ఏడింటిని తీసికొని, ఆంగ్లము మాతృభాష కాని విద్యార్థులు టోఫెల్ పరీక్షకు వ్రాసిన 91 వ్యాసములను వానికి చూపిరి. అవి సగటున నూటికి 61 వ్యాసములను యంత్రము వ్రాసినవని తీర్పు చెప్పినవి! అమెరికా బడిపిల్లల వ్యాసములనో, దాదాపు తప్పులేకుండ మనుష్యుల వ్రాతలే యనినవి. కారణము స్పష్టము. పరభాషను శ్రమపడి నేర్చినవాడు తెలిసిన కొద్ది మాటలతో, తిన్నని వాక్యములతో, తప్పు రాకుండ జాగ్రత్తపడి వ్రాయును. ఆ జాగ్రత్తయే వాని నేరమయ్యెను. పరిశోధకులు అవే వ్యాసములను చాట్‌జీపీటీకిచ్చి, మాటలను స్వదేశీయుని మాటలవలె మెరుగుపెట్టుమని అడిగిరి. అంతట నిందపడినవి నూటికి 61 నుండి 12కు దిగినవి. అనగా మనుష్యుడు తానై వ్రాసినప్పుడు యంత్రమనిపించుకొన్నాడు, యంత్రముచేత దిద్దించినపిమ్మట మనుష్యుడైనాడు. మన జిల్లాలనుండి ఏటేట పైచదువులకై సముద్రము దాటుచున్న బిడ్డలు వేలకొలదిగా నున్నారు. తమ సొంత వ్రాతకే మానవవేషము కట్టించుకొనవలసిన గతి వారికి పట్టుచున్నదన్న, ఇది చిట్కాల ముచ్చట కాదు, అన్యాయము.

వేషము కట్టించుటకై ఏరివేయు మాటల పట్టికలున్నవి చూచితిరా, వాటి గతియు ఇట్టిదే. 2010 నుండి 2024 వరకు వచ్చిన వైద్యశాస్త్ర వ్యాసముల సంగ్రహములను, కోటిన్నరకు పైగా, పరిశీలించినవారు 2024 నాటివానిలో నూటికి 13కు తక్కువకాకుండ యంత్రపు చేయి పడినవని లెక్కగట్టిరి. డెల్వ్ అను ఆంగ్లపదము మున్నెన్నడును లేనంత విరివిగా కనబడుటయు వారికి దొరకిన ఆనవాళ్లలో ఒకటి. అది తెలిసినంతనే ఆ పదము వెలి వేయబడినది. పాపము, దానిని చిన్ననాటినుండి వాడుచున్నవాడు నేడు దానిని చూచి భయపడవలెను. దొంగ ఎర్రతలపాగా ధరించెనని ఊరిలోని ఎర్రతలపాగాలన్నియు తగులబెట్టినట్లున్నది.

ఇంతవరకు చెప్పినది ఆంగ్లమును గూర్చి. మన భాషకు వచ్చిన కీడు వేరు. 2011 జనాభా లెక్కలలో తెలుగు మాతృభాషగా వ్రాయించుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. కాని యంత్రములు మేసి పెరిగిన వ్రాతలలో ఆంగ్లము కొండంత, తెలుగు గోరంత. పైగా యంత్రము మాటలను ముక్కలుగా నరికి జీర్ణించుకొనును. ఆంగ్లపదము తరచుగా ఒక్క ముక్కగా నిలుచును, మన పదము పలు తునకలగును. ఫలితమేమనగా, యంత్రపు తెలుగులో అక్షరములు తెలుగువి, అన్వయము ఆంగ్లముది.

ఉదాహరణములు చూడుడు. “ఆమె ఇద్దరు పిల్లలను కలిగి ఉంది” అని యంత్రము వ్రాయును. ఆమెకు ఇద్దరు పిల్లలనిన చాలదా? “ఈ వంతెన ప్రభుత్వం చేత నిర్మించబడింది” అనును. ప్రభుత్వము కట్టించినదని మన కూలివాడు కూడ చెప్పును. ఆ ‘కట్టించు’ అను ఒక్క క్రియలో డబ్బిచ్చినవాడును, చెమటోడ్చినవాడును ఇమిడియున్నారు. నీరు, నిద్ర, గ్రంథాలయము, గోంగూర, దేనిని గూర్చి యడిగినను అది “మన జీవితంలో ఒక ముఖ్యమైన పాత్రను పోషిస్తుంది.” సంక్రాంతిని గూర్చి యడిగితిమా, “ఇది కేవలం ఒక పండుగ మాత్రమే కాదు, ఇది ఒక భావోద్వేగం” అని పలుకును. పండుగనాడు అల్లుడు వచ్చెనా, ధాన్యము ఇంటికి చేరెనా, ఈ యేడు ముగ్గు ఎవరు పెట్టిరి, ఇదేదియు దానికి పట్టదు.

పరామర్శ లేఖ సంగతి చెప్పనే యక్కరలేదు. తల్లిని పోగొట్టుకొన్నవానికి “మీ నష్టానికి నేను చింతిస్తున్నాను” అని వ్రాసియిచ్చును. నష్టము మిరపకాయల బేరములో వచ్చును. తల్లి పోయినచో తెలుగువాడు ఎంతపని జరిగిపోయినదని వాపోవును. ఎట్లు జరిగినది, కడపటి గడియలో దగ్గర ఎవరుంటిరి, చిన్నవాడు ఊరినుండి అందుకొనెనా యని అడుగును. ఆ ప్రశ్నలలోనే సానుభూతి యున్నది. మామగారికి వ్రాయించిన జాబులో మొదట మీరు అనును, నాలుగవ పంక్తిలో నీవు అనును. వదినను ప్రియమైన మేడమ్ అనును.

ఇట్టి వ్రాతకు మానవవేషము కట్టుమన్న కట్టువాడు ఏమి చేయును? ‘పోషిస్తుంది’ తీసి ‘నిర్వహిస్తుంది’ వేయును. వాక్యము ముందర ‘నిజం చెప్పాలంటే’ అని తగిలించును. తెలంగాణపు నుడికారము కావలెనన్న, గిట్లను గట్లను కూరలో ఉప్పువలె చల్లును. గోదావరి యాస కావలెనన్న పంక్తికొక ‘అండి’ తగిలించును. పాలమూరు పలుకు వేరు, ఓరుగల్లు పలుకు వేరు, కోనసీమ పలుకు వేరు, అనంతపురము పలుకు వేరు. అందులో ఏ యొక్క ఊరిలోను ఏ యొక్కడును ఈ తెలుగు మాటలాడడు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాషకై పోరాడిన దినములలో గ్రాంథికవాదులు వారిని ఎంతగానో ఎదిరించిరి. ఆ వివాదములో పండితుని తెలుగు గెలువవలెనా, ప్రజల తెలుగు గెలువవలెనా యని తగవు. ఇరుపక్షములకును మనుష్యుల భాషయే విషయము. నేడు రెండు పక్షములకును చెందని తెలుగు మన యింట జొరబడుచున్నది. (ఈ పత్రిక భాష పాతబడినదని ఆక్షేపించువారున్నారని మేమెరుగుదుము. పాతదైనను ఇది కొందరు మనుష్యులు వ్రాసి, కొందరు మనుష్యులు చదివిన భాష.)

అయితే ఈ నేరమంతయు యంత్రముపై మోపుట ధర్మము కాదు. ‘చేయబడినది’, ‘తెలియజేయడమైనది’, ‘పరిగణనలోకి తీసుకోబడును’ అను మాటలను యంత్రము కనిపెట్టలేదు. ప్రభుత్వపు ఉత్తరువులు అర్ధశతాబ్దికి మించి ఈ తెలుగునే వ్రాయుచున్నవి. ఆంగ్లమున తంతిద్వారా వచ్చిన వార్తను రాత్రి పన్నెండు గంటలకు ముక్కకు ముక్క తెనిగించి అచ్చొత్తిన పత్రికలు ఈ తెలుగునే వ్రాసినవి. పాఠ్యపుస్తకములు, మందుసీసాల కాగితములు, బ్యాంకు పత్రములు అన్నియు ఇదే వ్రాసినవి. యంత్రము మన చెత్తకుప్పనే మన ముందర పళ్లెరములో వడ్డించుచున్నది. రాబోవునది ఇంకను కీడు. యంత్రము వ్రాసినదానినే మేపి యంత్రమును పెంచినచో తరతరమునకు దాని బుద్ధి క్షీణించునని, అరుదైన సంగతులు మొట్టమొదట మాయమగునని 2024లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధన తేల్చినది. వ్రాత విస్తారముగా గల భాషలు కొంత ఓర్చుకొనును. గోరంత వ్రాతతో బ్రదుకుచున్న తెలుగులో, మానవముద్ర వేసిన యంత్రవాక్యములు వేలకువేలు కలిసినపిమ్మట ఏది మనదో ఏరువాడెవడు? ముద్ర లేని సరకును వేరుచేయవచ్చును. దొంగముద్ర వేసినది ధాన్యములో కలిసిన ఇసుకయే.

అటులైన యంత్రమును ముట్టరాదా? ముట్టవచ్చును. రిజిస్ట్రారు కచేరీ వాకిట కూర్చుండు దస్తావేజు లేఖరిని చూడుడు. అక్షరము రానివాడు వచ్చి, నా నాలుగెకరములలో రెండెకరములు తమ్మునికి వ్రాయవలెనని చెప్పుకొనును. లేఖరి హద్దులు అడుగును, సర్వే నంబరు అడుగును, బావిలో భాగమెంత యని అడుగును. అన్నియు తెలిసికొని వ్రాసి, చదివి వినిపించును. కడపట వ్రాసినవాడు ఫలానా అని తన పేరుపెట్టి సంతకము చేయును. ఒప్పుకొన్నవాడు వేలిముద్ర వేయును. సాక్షులు సాక్షి చేయుదురు. ఇందులో వేషమేమున్నది? భాష లేఖరిది, సంగతి యజమానిది, బాధ్యత యెవరిదో కాగితమే చెప్పుచున్నది. తాటాకు గ్రంథములకు ప్రతులు వ్రాసిన లేఖకులు సైతము కడపట తమ పేరును, ముగించిన దినమును వ్రాసి, తప్పులున్న మన్నింపుడని వేడుకొనెడివారు. యంత్రమును ఈ లేఖరి పీటపై కూర్చుండబెట్టుడు, మాకు ఆక్షేపణ లేదు. చూపులేనివానికి, చేయివణకు వృద్ధునకు, బడిమెట్టు ఎక్కని తల్లికి అది గొప్ప ఉపకారము చేయగలదు.

కాని లేఖరి హద్దులడిగినట్లు యంత్రము అడుగుటలేదు. అడుగకపోయినను పుటలు నింపును. కలెక్టరు కచేరీలకు సోమవారము సోమవారము అర్జీలు పట్టుకొని జనులు వచ్చుదురు. మా ఊరి కల్వర్టు కూలినదని అర్జీ వ్రాయుమని యంత్రమును కోరినచో, గ్రామీణాభివృద్ధిలో రవాణా సౌకర్యముల ప్రాముఖ్యమును గూర్చి మూడు పేరాలు వ్రాయును. ఏ ఊరికిని ఏ ఊరికిని నడుమ? ఏ వానకు కూలినది? బడిపిల్లలు ఎన్ని మైళ్లు చుట్టుతిరుగుచున్నారు? ఎరువుల లారీ ఎచ్చట ఆగిపోవుచున్నది? ఇవి లేవు. గుమాస్తా ఆ ఉదయము అట్టివే ముప్పది చదివియుండును. ముప్పదియొకటవది కట్టలో పడును. ఈ అర్జీని సహజము చేయుటెట్లని మమ్ము అడిగిన మేము చెప్పునది యిది: ముందు నీ సంగతి నీ నోట చెప్పుము, ఫోనులోనైనను పలుకుము, పొరుగువానికి చెప్పినట్లే చెప్పుము. దానిని యంత్రము వరుసపెట్టిన పెట్టుగాక. తిరిగివచ్చినదానిని బిగ్గరగా చదువుము. నీవు కలెక్టరు ఎదుట నిలిచి పలుకలేని వాక్యము ఏది కనబడిన దానిని కొట్టివేయుము. నీవు చెప్పని సంగతి ఏది చేరినను అదియు కొట్టివేయుము. మిగిలినది ఏడు పంక్తులే కావచ్చును. ఆ ఏడింటిలో కల్వర్టు కనబడును. దానికి ఏ వేషగానిచేతను రంగు పూయించనక్కరలేదు.

భాష సహజముగా నుండుటయే గుణమనుకొనువారికి మరియొక దృష్టాంతము. 2023లో న్యూయార్కు ఫెడరల్ న్యాయస్థానములో ఇద్దరు న్యాయవాదులు చాట్‌జీపీటీని ఆశ్రయించి ఒక వాదపత్రము దాఖలు చేసిరి. అందులోని వాక్యములు న్యాయవాదుల వాక్యములవలెనే యున్నవి; పూర్వతీర్పుల పేర్లు, సంఖ్యలు పొందికగా కూర్చబడియున్నవి. ఆ తీర్పులలో కొన్ని లోకములో ఎన్నడును పుట్టలేదు. న్యాయమూర్తి 5,000 డాలర్ల జుల్మానా వేసెను. వేషము బాగుగా కుదిరినందువలననే వారు మోసపోయిరి. భాష కొంత తడబడియుండిన వారికే అనుమానము తట్టియుండునేమో!

పత్రికలవారమైన మాకును ఇందులో భాగము కలదు. 2023 జనవరిలో సీనెట్ అను అమెరికా పత్రిక యంత్రముచేత వ్రాయించిన 77 వ్యాసములను తిరిగి పరీక్షించుకొనగా 41 దిద్దవలసి వచ్చెను. ఆ వ్యాసములు సంస్థ సిబ్బంది వ్రాసినట్లు పైపేరుతో వెలువడియుండెను. తెలుగు పత్రికలలో, ప్రచురణశాలలలో ఈ పని ఎంత జరుగుచున్నదో వారివారి యంతరాత్మలకు తెలియును. యంత్రము వ్రాసినది అచ్చువేయువారు దస్తావేజు లేఖరి మర్యాద పాటించి ఆ మాట క్రింద వ్రాయవలెనని, వ్రాయనిచో చదువరి వెల తిరిగి యడుగవచ్చునని మా యభిప్రాయము. తెలుగు నేర్చిన యంత్రమని డబ్బా కొట్టు సంస్థలు ఏ పుస్తకములనుండి, ఎవరి యనుమతితో నేర్పిరో చెప్పవలెను. మన మాటలను దిద్దు పనికి మన యువకులను పిలిచినచో తగిన కూలి యివ్వవలెను. ఊరక తీసికొనిపోయిన పత్తిని బట్టగా అమ్మినవారిని ఈ దేశము ఎరుగును.

ఉపాధ్యాయులకు ఒక మాట. పసిగట్టు యంత్రము ఎర్రగీత గీసినదని ఏ పిల్లవాని మార్కులును తీసివేయకుడు. వానిని పిలిపించి, నాయనా, ఇచ్చట ఈ మాట ఎందుకు వాడితివి, ఈ సంగతి ఎచ్చట చదివితివి, నీ మాటలలో చెప్పుమని అడుగుడు. పది నిమిషములు చాలును. వ్రాసినవాడు తడబడుచునైనను చెప్పును. వ్రాయించినవాడు చక్కని భాషలో మౌనము వహించును. తరగతిలో అరువదిమంది యున్నచో ఇది పది గంటల పని యగును, నిజమే. ఆ పది గంటలకు జీతమిచ్చుటకు, ఖాళీగానున్న ఉపాధ్యాయ పదవులను నింపుటకు యాజమాన్యములును ప్రభుత్వములును ముందుకు రావలెను. పసిగట్టు యంత్రములకు ఏటేట చందా కట్టుటకు సొమ్మున్నవారు ఇందుకు మాత్రము లేదనుట చెల్లదు.